చేరే రోజుకు ఇల్లు ఖాళీ కాకపోతే

ఉప్పల్, నాచారం చుట్టుపక్కల ఇళ్లు కిరాయికి ఇప్పించడం నా పని. ఏ గల్లీలో ఏ పోర్షన్ ఖాళీ అవుతుందో కనుక్కోవాలి, వచ్చినవాళ్లకు చూపించాలి, ఓనరుకూ కిరాయిదారుకూ మాట కలపాలి, కాగితం రాయించాలి, చివరికి తాళంచెవి చేతిలో పెట్టించాలి. చూపించడం, బేరం చేయడం ఎవరైనా చేస్తారు. బ్రోకరు అవసరం నిజంగా తెలిసేది ఆ చివరి పనిలోనే. సామానుతో డీసీఎం లారీ గేటు ముందు ఆగి ఉంటుంది, లోపల పాత కిరాయిదారు మంచాలు వేసినవి వేసినట్టే ఉంటాయి. అప్పుడు ఫోన్ నాకే వస్తుంది.

మా దగ్గర ఇళ్లు మారే కాలం మే నెలాఖరులో మొదలవుతుంది. తెలంగాణలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు కాబట్టి పిల్లలున్నవాళ్లంతా ఆలోపే చేరాలనుకుంటారు. ఆషాఢం వస్తే చాలామంది కొత్త ఇంట్లో అడుగుపెట్టరు, శ్రావణం కోసం ఆగుతారు. అంటే అందరికీ కావలసినవి ఆ కొన్ని తేదీలే. వాటిలో మంగళవారాలు తీసేసి, పంచాంగం చూసి మంచిరోజులు ఏరితే మిగిలేవి ఇంకా తక్కువ. ఐడీఏ నాచారం, మల్లాపూర్, ఐడీఏ ఉప్పల్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు, ఈఎస్ఐ ఆసుపత్రి సిస్టర్లు, హబ్సిగూడ వైపు ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ ఉద్యోగులు, జెన్‌ప్యాక్ట్‌కీ పోచారం ఇన్ఫోసిస్‌కీ వెళ్లే పిల్లలు, అందరూ ఈ చుట్టుపక్కలే ఇల్లు వెతుకుతారు. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్‌కు మెట్రో మొదలై, 2019లో ఆ లైను రాయదుర్గం దాకా పొడిగించాక హైటెక్ సిటీలో పనిచేస్తూ ఉప్పల్‌లో ఉండేవాళ్లూ పెరిగారు. ఒక ఇల్లు ఖాళీ చేసేవాళ్లు ఆలస్యం చేస్తే ఆ ఇంటికి రావలసినవాళ్లు ఆగుతారు, వాళ్లు ఖాళీ చేయాల్సిన ఇంటికి రావలసినవాళ్లు కూడా ఆగుతారు. జూన్ మొదటి వారంలో చిల్కానగర్‌లో ఒక పోర్షన్ ఖాళీ కాకపోతే దాని దెబ్బ స్నేహపురి కాలనీలో ఇంకో కుటుంబానికి తగులుతుంది.

ఇల్లు చెప్పిన రోజుకు ఖాళీ కాకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం అడ్వాన్స్ డబ్బు తిరిగే తీరు. ఉదాహరణకు కిరాయి 14,000, అడ్వాన్స్ రెండు నెలలది 28,000 అనుకుందాం. పాత కిరాయిదారు ఇచ్చిన 28,000 ఓనరు ఎప్పుడో వాడుకుని ఉంటాడు. కొత్తవాళ్లు ఇచ్చేదాంతో పాతవాళ్లది తీర్చాలని చూస్తాడు. పాతవాళ్లు "మా పైసలు చేతిల పడితేనే సామాను దించుతం" అంటారు, ఎందుకంటే ఆ డబ్బే వాళ్లు వెళ్లే ఇంటికి అడ్వాన్స్. కొత్తవాళ్లు ఖాళీ ఇల్లు చూడకుండా మిగతా డబ్బు కట్టం అంటారు, అదీ న్యాయమే. ముగ్గురూ ముగ్గురి కోసం ఎదురుచూస్తూ సాయంత్రమవుతుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. ముగ్గురినీ ఆ ఇంటి ముందే ఒకచోట నిలబెడతాను. పాతవాళ్ల ఆఖరి మంచం గేటు దాటగానే కొత్తవాళ్లు ఓనరుకు ఫోన్‌పే చేస్తారు, ఓనరు అక్కడికక్కడే పాతవాళ్లకు పంపుతాడు, తాళంచెవి చేతులు మారుతుంది. పెయింటింగ్ ఖర్చు కింద ఎంత పట్టుకోవాలి, కరెంటు బిల్లు బాకీ ఎంత అనే లెక్కలు ముందురోజు రాత్రికే తేల్చి పెడితేనే ఇది కుదురుతుంది. ఆ లెక్క గేటు దగ్గర మొదలైతే ఆరోజు ఇల్లు ఖాళీ కానట్టే.

ఇంకా వేరే కారణాలు ఉంటాయి. పెయింటర్లు రారు. బోరు మోటారు కాలిపోతుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ చీకటి పడ్డాక షిఫ్టింగ్ వద్దంటుంది. అమెరికా నుంచి ఓనరు కొడుకు వస్తున్నాడని కబురు వస్తుంది. అన్నదమ్ముల పంపకం తెగక పై పోర్షన్‌కు తాళం పడుతుంది. అన్నిటికన్నా చెడ్డది, మనతో మాట అయ్యాక నెలకు వెయ్యి ఎక్కువిస్తామన్నవాళ్లకు ఇల్లు ఇచ్చేయడం. కారణం ఏదైనా గేటు ముందు నిలబడ్డ కుటుంబానికి కలిగే కష్టం ఒక్కటే. అయితే కారణాన్ని బట్టి వాళ్ల ముందున్న దారి మారుతుంది కాబట్టి మొదట అదే తెలుసుకోవాలి.

ఒకసారి ఈఎస్ఐ ఆసుపత్రిలో డ్యూటీ చేసే ఒక సిస్టర్ కుటుంబం ఖమ్మం జిల్లా నుంచి సామానుతో తెల్లారేసరికి నాచారం చేరింది. ఆమెతో పాటు తల్లి, బడికి పోయే బాబు. ఏడున్నరకు పాలు పొంగించాలని ముహూర్తం. లోపలివాళ్లు సామాను కట్టనే లేదు. ఓనరమ్మ పెద్దావిడ, "ఏం జేద్దాం బిడ్డా, వాళ్లు పోతలేరు, రెండు దినాలు ఆగుండ్రి" అంటోంది. ఆ సిస్టర్, "ఆంటీ, లారీవాళ్లు తొమ్మిదికి వెళ్లిపోతారంట, మేం ఎక్కడికి పోవాలి?" అని అడుగుతోంది. నేను లోపలికి వెళ్లి ఖాళీ చేయాల్సిన అక్కతో మాట్లాడాను. "అక్కా, మీ సామాను కదిలించం. వంటగదిలో ఒక మూల ఇస్తే పాలు పొంగించుకుని వస్తారు" అన్నాను. ఆమె వెంటనే స్టవ్ పక్కకు జరిపి చోటిచ్చింది. దేవుడి పటం పెట్టి పాలు పొంగించారు. పెద్దావిడ కాళ్లకు ఆ ముసలితల్లి దండం పెట్టింది. అక్కడితో సగం వేడి దిగింది. ఆ తర్వాతే లెక్కలు మాట్లాడాం. సామాను కింద పార్కింగులో టార్పాలిన్ కప్పి పెట్టుకోవడానికి ఓనరమ్మ ఒప్పుకుంది. ఆ రెండు రోజుల కిరాయి తీసేసింది, హమాలీల రెండో విడత కూలి తనే ఇచ్చింది. అది కూడా నోటిమాటగా వదల్లేదు, అక్కడే రాసుకుని సంతకం పెట్టించాను.

అందరు ఓనర్లూ ఇలా దిగిరారు. అందుకే కిరాయిదారు ఆ మొదటి గంటల్లో ఏం చేయాలో తెలిసి ఉండాలి. ముందు లారీ సంగతి చూడాలి. వెయిటింగ్ చార్జీ గంటగంటకూ పెరుగుతుంది, కాబట్టి సామాను ఎక్కడ దించాలో అరగంటలో తేల్చుకోవాలి. ఓనరు దగ్గర పార్కింగు, మెట్ల కింది గది, ఖాళీగా ఉన్న ఇంకో పోర్షన్ ఏదైనా ఉంటే అడగాలి. లేకపోతే ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్ల గోదాముల్లో రోజుల లెక్కన పెట్టుకుంటారు. బంగారం, సర్టిఫికెట్లు, మందులు, పిల్లల పుస్తకాలు ఉన్న సంచి మాత్రం మనుషులతోనే ఉండాలి. ఇంటి పరిస్థితి, లారీ, సామాను ఫొటోలు తీసుకోవాలి. ప్రతి ఖర్చుకూ రసీదు గానీ ఫోన్‌లో చెల్లింపు గుర్తు గానీ ఉండాలి. ఉండటానికి బంధువుల ఇల్లో, పీజీయో, మామూలు లాడ్జియో చూసుకోవాలి. పెద్ద హోటల్లో దిగి ఆ బిల్లు ఓనరు మీద వేస్తానంటే చెల్లదు. 1872 నాటి ఒప్పంద చట్టం 73వ సెక్షన్ నష్టపరిహారం ఇప్పిస్తుంది గానీ, నష్టం తగ్గించుకోవడానికి మన చేతిలో ఉన్న దారి వాడుకున్నామా లేదా అనేదీ చూస్తుంది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తమ బలం ఎక్కడుందో తెలియదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, కిరాయిదారు అడిగితే ఇల్లు అతని స్వాధీనంలో పెట్టడం ఓనరు బాధ్యత. కానీ మనం రాసుకునే పదకొండు నెలల కాగితం రిజిస్టరు చేయించం. అదే చట్టం 107వ సెక్షన్ చూస్తే, రిజిస్ట్రేషన్ లేని కిరాయి స్వాధీనం ఇవ్వడంతోనే నిలబడుతుంది. అంటే తాళంచెవి చేతికి రాకముందు కిరాయిదారు ప్రధానంగా ఆధారపడాల్సింది ఒప్పంద చట్టం మీదే. అందులో 55వ సెక్షన్ మన పనికి గుండెకాయ. ఫలానా తేదీకి ఇవ్వడం ఒప్పందంలో ముఖ్యమైన షరతు అయితే, ఆ తేదీకి ఇవ్వకపోతే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు కిరాయిదారుకు వస్తుంది. తేదీ అంత ముఖ్యం కాదని తేలితే రద్దు కుదరదు గానీ ఆలస్యానికి నష్టపరిహారం అడగవచ్చు. అదే సెక్షన్ చివర ఇంకో మాట ఉంది. రద్దు చేసుకునే హక్కు ఉండి కూడా ఆలస్యంగా ఇచ్చినదాన్ని తీసుకుంటే, తీసుకునేటప్పుడే "నష్టం అడుగుతాను" అని తెలియజేయాలి. చెప్పకుండా ఇంట్లో చేరిపోతే ఆ తర్వాత ఆలస్యానికి నష్టం అడగలేం.

అందుకే ఎవరికైనా నేను చెప్పేది ఇదే. ఆగుదామనుకున్నా సరే, ఆ సాయంత్రం లోపు ఓనరుకు ఒక వాట్సాప్ సందేశం పంపండి. ఇలా: "నమస్తే సార్. ఒప్పందం ప్రకారం ఇవాళ, జూన్ 8న, ఇల్లు ఖాళీ చేసి ఇవ్వాలి. సామానుతో వచ్చాం. ఇల్లు ఖాళీగా లేదు. మీరు అడిగినందుకు 11వ తేదీ వరకు ఆగుతాం. తాళంచెవి ఇచ్చిన రోజు నుంచే కిరాయి. లారీ వెయిటింగు, సామాను దాచిన ఖర్చు, మేం బయట ఉన్న ఖర్చు అడిగే హక్కు మాకు ఉంది, దాన్ని వదులుకోవడం లేదు. 11న కూడా ఇవ్వకపోతే ఒప్పందం రద్దు చేసుకుంటాం, అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇవ్వాలి." ఇందులో కోపం లేదు, బెదిరింపు లేదు. ఓనరుతో రేపు కలిసి బతకాల్సినవాళ్లు కూడా నిస్సంకోచంగా పంపగల మాటలివి. ఈ ఒక్క సందేశం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తర్వాత మాట్లాడే బలంలో ఎంత తేడా ఉంటుందో నేను మళ్లీ మళ్లీ చూశాను.

చేయకూడనిది కూడా చెప్పాలి. ఖాళీ చేయని పాత కిరాయిదారు మీద పడకండి. తాళం పగలగొట్టడం, సామాను బయట వేయడం, కరెంటు కట్ చేయించడం ఓనరు చేసినా తప్పే, మీరు చేసినా తప్పే. నెలనెలా కిరాయి కట్టే మనిషిని ఖాళీ చేయించాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతుంది. నోటీసు అయ్యాక కూడా బలవంతంగా గెంటడానికి లేదు. చట్టప్రకారం కాకుండా గెంటేస్తే ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ అంటుంది. ఈ రక్షణ రేపు మీకూ పనికొస్తుంది. ఇవాళ లోపల ఉన్నవాళ్లు పెట్టే ఇబ్బంది కోసం దాన్ని మనమే చులకన చేసుకోకూడదు. మీకు మాట ఇచ్చింది ఓనరు, లెక్క తేల్చాల్సిందీ ఓనరే.

ఆగలేం అనుకుంటే రద్దు చేసుకోవాలి. అప్పుడు టోకెన్, అడ్వాన్స్ అన్నీ తిరిగి రావాలి. ఒప్పందం రద్దయితే దాని కింద పుచ్చుకున్నది వెనక్కి ఇవ్వాలని ఒప్పంద చట్టం 64, 65 సెక్షన్లు చెబుతాయి. "టోకెన్ వాపసు లేదు" అనే మాట కిరాయిదారు మనసు మార్చుకున్నప్పుడు వాడేది. ఓనరే ఇల్లు ఇవ్వలేనప్పుడు దాన్ని అడ్డం పెట్టుకోవడం న్యాయం కాదు. ఇవ్వకపోతే మొదట రాతపూర్వకంగా గడువు పెట్టి అడగాలి, తర్వాత లాయరు నోటీసు. ఇంత చిన్న మొత్తాలకు కోర్టులో దావా నడపడం అందరివల్లా కాదు. అందుకే నేను న్యాయసేవాధికార సంస్థ వైపు పంపుతాను. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టే వీలుంది. అక్కడ రాజీ కుదిరి అవార్డు ఇస్తే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టంలోనే ఉంది. బ్రోకరో, సామాను మోసే కంపెనీయో మోసం చేస్తే అది సేవలో లోపం. దానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

ఎవరి తప్పూ లేకుండా ఇల్లు పోయే సందర్భమూ ఉంటుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు రామంతాపూర్, హబ్సిగూడ, ఉప్పల్ లోతట్టు కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్లు నీట మునిగాయి. అడ్వాన్స్ ఇచ్చి చేరాల్సిన ఇళ్లలో మోకాలి లోతు బురద. అలాంటప్పుడు ఓనరును నష్టపరిహారం అడగడం న్యాయం కాదు, ఆయన ఇల్లే మునిగింది. కానీ ఉండటానికి వీల్లేని ఇంటికి అడ్వాన్స్ పట్టుకోవడం కూడా కుదరదు. ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైతే అది చెల్లదని ఒప్పంద చట్టం 56వ సెక్షన్ అంటుంది, అప్పుడు పుచ్చుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలి. ఇది కాక ఇంకొక రకం, అవతలివాళ్లు అసలు ఓనర్లే కాకపోవడం. ఆర్మీ ఆఫీసరునని, బదిలీ మీద వెళ్తున్నానని చెప్పి ఫొటోలు పంపి, ఇల్లు చూడకముందే డబ్బు వేయించుకుంటారు. చేరే రోజున వచ్చి చూస్తే ఆ ఇంటి ఓనరుకు సంగతే తెలియదు. అది కిరాయి గొడవ కాదు, సైబర్ మోసం. క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకు జారిపోకముందు ఆపగలిగే అవకాశం ఆ మొదటి గంటల్లోనే ఉంటుంది.

మా కాలనీల నుంచి అమెరికాకు చదువుకు వెళ్లిన పిల్లలు అక్కడ కూడా ఇదే ప్రశ్న అడుగుతారు. పాతవాడు ఖాళీ చేయకపోతే బాధ్యత ఎవరిదనే విషయంలో అక్కడ కోర్టులు ఒక మాట మీద లేవు. 1829లో కో వర్సెస్ క్లే కేసులో ఇంగ్లండ్ కోర్టు ఓనరే ఖాళీ ఇల్లు అప్పగించాలంది, అమెరికాలో కొన్ని కోర్టులు ఆ దారే పట్టాయి. 1930లో హానన్ వర్సెస్ డష్ కేసులో వర్జీనియా కోర్టు అందుకు ఒప్పుకోలేదు. ఓనరు హక్కు ఇస్తే చాలు, లోపలివాడిని ఖాళీ చేయించుకోవడం కొత్త కిరాయిదారు పని అంది. ఆ తర్వాత 1972లో తెచ్చిన నమూనా చట్టం, స్వాధీనం ఇచ్చే దాకా కిరాయి ఉండదని, కిరాయిదారు నోటీసు ఇచ్చి రద్దు చేసుకోవచ్చని చెప్పింది. అక్కడి పిల్లలు తాము ఉండే రాష్ట్రంలో ఏ పద్ధతో సంతకం పెట్టకముందే చూసుకోవాలి.

మన దగ్గర 1960 నాటి ఇళ్ల కిరాయి నియంత్రణ చట్టం ఉంది కదా అంటారు. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయిలకు అది వర్తించదు. ఉప్పల్, నాచారంలో ఇవాళ ఆ లోపు ఇల్లు ఎక్కడుంది? 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం అడ్వాన్స్ రెండు నెలలు దాటకూడదంది గానీ, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే అది అమల్లోకి వస్తుంది. ఇళ్లు అమ్మించే ఏజెంట్లకు స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కింద రిజిస్ట్రేషన్ ఉంది. కిరాయికి ఇప్పించే మాలాంటివాళ్లు ఆ చట్టం కిందికి రారు. అంటే ఆ గేటు ముందు కుటుంబానికి దగ్గరగా నిలబడేవి వాళ్లు రాసుకున్న కాగితం, మధ్యలో ఉన్న మనిషి నిజాయితీ.

కాబట్టి నేను రాయించే ప్రతి కాగితంలో నాలుగు మాటలు ఉండి తీరాలి. ఖాళీ ఇల్లు, తాళంచెవులు ఫలానా తేదీ, ఫలానా గంటకు ఇవ్వాలి, ఆ తేదీ ఈ ఒప్పందంలో ముఖ్యమైన షరతు. తాళంచెవి ఇచ్చిన రోజు నుంచే కిరాయి. ఆలస్యమైన ఒక్కో రోజుకు ఓనరు ఇంత ఇవ్వాలి. వారం దాటితే కిరాయిదారు రద్దు చేసుకోవచ్చు, మొత్తం డబ్బు రెండు రోజుల్లో తిరిగి ఇవ్వాలి. కొందరు ఓనర్లు మొదట ముఖం చిట్లిస్తారు. "సార్, మీరు తేదీకి ఇచ్చేవారే కదా, రాయడానికేముంది" అంటే ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ల ఇల్లు నేను చూపించను. చేరడానికి రెండు రోజుల ముందు నేనే వెళ్లి పాతవాళ్లను పలకరిస్తాను. "అన్నా, మీ కొత్త ఇల్లు అయ్యిందా? లారీ మాట్లాడిండ్రా?" అని అడిగితే చాలు, అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. తేడా కనిపిస్తే కొత్తవాళ్లు ఊళ్లో సామాను ఎక్కించకముందే చెప్పేస్తాను. కుదిరినవాళ్లను పాత ఇంటికీ కొత్త ఇంటికీ మధ్య మూడు నాలుగు రోజులు చేతిలో ఉంచుకోమంటాను. ఆ రోజుల కిరాయి, ఒక రాత్రి లారీ ఆపుకున్న ఖర్చు కంటే తక్కువే పడుతుంది.

మా దగ్గర బ్రోకర్లు అడ్వాన్స్ ఇచ్చిన రోజే కమీషన్ తీసుకునే అలవాటుంది. దాన్ని మార్చాలని తోటి బ్రోకర్లను అడుగుతున్నాను. తాళంచెవి కిరాయిదారు చేతికి వచ్చాకే కమీషన్ తీసుకుందాం. అప్పుడు ఆ తేదీ గురించి కిరాయిదారుకు ఉన్నంత ఆత్రం మనకూ ఉంటుంది. పాతవాళ్లు కదిలారా, పెయింటరు వచ్చాడా, అడ్వాన్స్ లెక్క తేలిందా అని మనమే వెంటపడతాం. కొత్త చట్టం వచ్చే దాకా ఆగనక్కర్లేదు, ఉప్పల్, నాచారం బ్రోకర్లు కూర్చుని అనుకుంటే ఈ జూన్ నుంచే మొదలుపెట్టవచ్చు.